డబ్బా మీద తేదీ

తాటికల్లు పొద్దున్నే చెట్టు నుంచి దించితే తియ్యగా ఉంటుందని, ఎండెక్కేకొద్దీ పులిసిపోతుందని మా ఉద్దానంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇడ్లీపిండి ఎన్నాళ్ళు ఆగుతుందో మా అమ్మ మూత తీసి వాసన చూసి చెప్పేసేది. పెట్రోలుకూ అలాంటి వయసు ఒకటి ఉంటుందని, ఆయిలు కలిపిన పెట్రోలుకు అది మరీ తక్కువని నాకు నలభై ఏళ్ళు దాటాక గానీ తెలియలేదు. తెలియజెప్పిన రోజు 2018 అక్టోబరు 11.

ఆ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వెలుగొచ్చాక బయటికి వస్తే తోటల్లో నిలబడి ఉన్న చెట్లను లెక్కపెట్టుకోవలసిన పరిస్థితి. తరాలుగా కాపునిస్తున్న కొబ్బరి, జీడి ఒక్క రాత్రిలో పడిపోయాయి. మా సందు మొగలో పనసచెట్టు అడ్డంగా పడింది. లోపల ఆరిళ్ళ వాళ్ళం ఉండిపోయాం. నా దగ్గర చెట్లు కోసే కోతమిషను ఉంది, డబ్బాలో ఆయిలు కలిపి పెట్టుకున్న పెట్రోలుంది. ఇటువంటి రోజు కోసమే కదా అనుకుని బయటికి తెచ్చాను.

తాడు లాగితే పలకలేదు. ప్లగ్గు విప్పి తుడిచి మళ్ళీ లాగాను. ఒకసారి దగ్గి ఆగిపోయింది. భుజం పట్టేసేదాకా లాగాను. చివరికి నలుగురం గొడ్డళ్ళు పట్టుకున్నాం. మధ్యాహ్నం దాటాక పక్క ఊరి నుంచి ఇంకో మిషను వచ్చి మిగతాది కోసింది.

దారులు తెరుచుకున్నాక మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కార్బరేటర్ విప్పి నా చేతిలో పెట్టాడు. లోపల పనసజిగురు లాంటి పసుప్పచ్చని పొర. పెట్రోలును లోపలికి లాగే పలచటి పొర మెత్తగా ఉండవలసింది ఎండుతమలపాకులా బిరుసెక్కింది.

“ఇదేటి బాబూ, ఈ పెట్రోలు ఎప్పుడు కలిపినారు?”

“జీడికొమ్మలు కొట్టించినప్పుడు. మే నెలాఖరు.”

“నెల దాటిందంటే మరి మిషన్లో పొయ్యకూడదు బాబూ.”

కోతమిషను ఇంజనుకు కారుకున్నట్టు అడుగున వేరే ఆయిలు ఉండదు. చెట్టు కోసేటప్పుడు దాన్ని పక్కకు వంచుతాం, ఒక్కోసారి తలకిందులుగానూ పట్టుకుంటాం. అడుగున ఆయిలు ఉంటే ఒకచోట నిలవదు. అందుకే పెట్రోల్లోనే కలుపుతారు. ఇప్పటి మిషన్లలో చాలావాటికి యాభై పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు టూటీ ఆయిలు, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. నిమిషానికి 12,000 చుట్లు తిరిగే ఇంజనుకు ఆ కాస్త ఆయిలే ప్రాణాధారం.

పెట్రోలు ఒకే పదార్థం కాదు, ఎన్నో పదార్థాల కలగలుపు. అందులో తేలికైనవి ముందు ఆవిరైపోతాయి. చల్లగా ఉన్న ఇంజను తొలి లాగుడుకే అందుకోవాలంటే కావలసినవి అవే. మిగిలిన వాటిలో కొన్ని గాలి తగిలి జిగురుగా మారతాయి. సగం ఖాళీ డబ్బాలో గాలి ఎక్కువ కాబట్టి చెడడమూ ఎక్కువే. రంగు చూసి పోల్చుకుందామంటే వీలుపడదు, ఆయిలుకు వేసిన ఆకుపచ్చో నీలమో రంగు దాన్ని కప్పేస్తుంది. వాసనే కొంత చెబుతుంది. పాతబడ్డ పెట్రోలు వార్నిష్‌లా పుల్లగా కొడుతుంది.

ఇప్పుడు బంకులో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మాది సముద్రపు గాలి, వానాకాలంలో ఉప్పు దానంతటదే నీరుకారే చోటు. మూత సరిగా లేని డబ్బాలోకి తేమ మితిమీరి చేరితే ఇథనాలూ నీళ్ళూ కలిసి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఆ అడుగుపొరలో టూటీ ఆయిలు కలవదు. ట్యాంకులో పెట్రోలు పీల్చే గొట్టం కొస అడుగునే ఉంటుంది. ఇంజనుకు ఆయిలు అందక పిస్టన్ గీరుకుపోయి పట్టేస్తుంది. మొరాయించిన మిషను బాగుపడుతుంది గానీ, పిస్టన్ పట్టేసినదానికి సగం మిషను ఖరీదు పెట్టాలి.

వెనక స్కూటర్లకూ లూనాలకూ బంకులో టూటీ ఆయిలు కలిపించుకునేవాళ్ళం. అది చెడిందన్న మాట ఎప్పుడూ వినలేదు. రోజూ తిరిగే బండి, పోసింది వారంలో ఖర్చయిపోయేది. ఆ అలవాటే మన చేత డబ్బాలకొద్దీ కలిపించి మూలన పెట్టిస్తోంది. కోతమిషను అలా కాదు. నెలల తరబడి ఊరికే ఉండి, ఒక్క రోజున మాత్రం తప్పనిసరిగా పలకాలి.

అందుకే ఇప్పుడు నేను లీటరుకు మించి కలపను. మూత బిగుసుకునే ఇనుపడబ్బాలోనే, నీడలో పెడతాను. నీళ్ళసీసాలో పెట్టనివ్వను, ఇంట్లో పిల్లలున్నారు. కలిపిన తేదీ మార్కరుతో డబ్బా మీద రాస్తాను. పోసే ముందు బాగా కుదుపుతాను. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, తనంతట తాను ఆగేదాకా ఇంజను నడిపి అప్పుడు గూట్లో పెడతాను. నెల దాటి మిగిలితే మెకానిక్కుకు ఇచ్చేస్తాను. నేలమీద గానీ కాలవలో గానీ పారబోయడం మహాపాపం, మన నుయ్యి ఆ నేలలోనే ఉంది.

విదేశాల్లో త్వరగా జిగురు కట్టని ప్రత్యేకమైన పెట్రోలును ఆయిలు కలిపి సీలుడబ్బాల్లో అమ్ముతారు, ఏళ్ళ తరబడి ఆగుతుంది. మన పల్లెల్లో అది దొరికేదాకా నెల రోజుల లెక్కే మనకు దిక్కు.

అక్టోబరు మా తీరానికి తుపాన్ల నెల. మీ ఇంట్లో కోతమిషను ఉంటే ఇవాళే డబ్బా తీసి చూడండి. మీద తేదీ లేకపోతే ఆ పెట్రోలు మిషన్లో పోయకండి.