తాతయ్య ఫోటోకి తగిన కాగితం

అయిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి స్కూల్లో 'వంశవృక్షం' ప్రాజెక్టు ఇచ్చారు. అందరి ఫోటోలూ దొరికాయి, మా నాన్నది తప్ప. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతోపాటు మా పుట్టింటి పెంకులు కూడా ఎగిరిపోయాయి. తడిసిన ఆల్బమ్‌లో ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయబోతే బొమ్మలే ఊడి వచ్చాయి.

చివరికి మా అప్ప ఫోన్‌లో నాన్న ఫోటో ఒకటి దొరికింది. విజయనగరంలో మా ఇంట్లో ఇంక్‌ట్యాంక్ ప్రింటర్ ఉంది కదా అని, పిల్లల వర్క్‌షీట్లు తీసే మామూలు ఏ4 కాగితం మీదే ప్రింట్ తీశాను. మొహం నల్లగా వచ్చింది, కాగితం ముడతలు పడింది. నా దగ్గరే ఉంటున్న అమ్మ చూసి, "ఏటే ఇది? మీ నాన్నలా నేడే!" అంది. ఆ మాటకి మనసు చివుక్కుమంది.

మామూలు కాగితం 70, 80 జీఎస్‌ఎం ఉంటుంది, అంటే చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు. అది సిరాను లోపలికి పీల్చేసుకుంటుంది. ఫోటో పేపరు చాలావరకు 180 జీఎస్‌ఎం, ఆపైనే. దాని మీదుండే పూత సిరాను పైపైనే పట్టి ఉంచుతుంది.

అందుకని గ్లాసీ ఫోటో పేపరు ప్యాకెట్ తెచ్చాను. మొదటిది తిరగేసి పెట్టాను. పూత లేని వైపు సిరా ఆరక, వేలు తగిలితే చెదిరిపోయింది. రెండోసారి సెట్టింగ్‌లో 'ప్లెయిన్ పేపర్' మార్చడం మరిచిపోయాను, రంగులు సరిగా రాలేదు. మూడోది చక్కగా వచ్చింది. కానీ అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది. ట్యూబ్‌లైట్ వెలుగులో ఆ మెరుపుకి మొహం కనబడక, ఫోటోని అటూ ఇటూ తిప్పుతోంది.

కాగితాన్ని ఎంచుకోవాల్సింది చూసేవాళ్లని బట్టి అని అప్పుడు తెలిసింది. మెరుపులేని మ్యాట్ పేపరు మీద తీసి ఇచ్చాను. అమ్మ ఈసారి తిప్పలేదు. చాలాసేపు చూసి, "ఆ రోజు తోటలోంచి వచ్చినారు" అంది. "ఏ తోట మామ్మా?" అంటూ మా అమ్మాయి పక్కన చేరింది. ఆ సాయంత్రం విన్న కబుర్లే ప్రాజెక్టులో రెండు పేజీలయ్యాయి.

మీరూ ఇంట్లో ఫోటోలు తీయాలనుకుంటే, నా పొరపాట్లు మీకు పనికొస్తాయి. పిల్లలు ఆల్బమ్‌లో పెట్టుకునే రంగుల ఫోటోలకి గ్లాసీ బాగుంటుంది. గోడకి తగిలించేవాటికి, పెద్దవాళ్లు చూసేవాటికి మ్యాట్ మేలు. మీది లేజర్ ప్రింటర్ అయితే ఇంక్‌జెట్ ఫోటో పేపరు పెట్టకండి, వేడికి పూత కరిగి మెషీన్ పాడవచ్చు. ప్రింట్ తీశాక ఒక రోజు ఆరనివ్వండి. ఫ్రేములో అద్దం ఫోటోకి ఆనకుండా మధ్యలో అట్ట మౌంటు వేయించండి. మన తీరం తేమకి అతుక్కుపోయే ప్రమాదం ఉంది. మిగిలిన కాగితాలు గాలి తగలకుండా కవరులోనే ఉంచండి.

ఫోన్లలో వేల ఫోటోలున్నాయి. ఈ సెలవుల్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కటి ఎంచండి. మామ్మకో, తాతయ్యకో చేతికివ్వండి.