క్లిప్పుల డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలోని ఒక అక్కగారు చర్చి గుమ్మం దగ్గర మమ్మల్ని ఆపారు. వాళ్ళ అబ్బాయికి పదకొండేళ్ళు. పన్ను మీద పన్ను వచ్చింది. వచ్చే నెలలో విజయవాడ తీసుకెళ్ళి క్లిప్పులు వేయిద్దామనుకుంటున్నారట. "మీ అమ్మాయికి వేయించారు కదా, వాడికి ఏం చెప్పి తీసుకెళ్ళమంటారు?" అని అడిగారు.

"ఏముందండీ, నొప్పేమీ ఉండదని చెప్పండి" అనేశాము.

ఇంటికొచ్చి అన్నాలకు కూర్చున్నాక మా అమ్మాయి మా ఇద్దరి వంకా చూసి, "అలా చెప్పారేంటి?" అంది. మాకు ముద్ద దిగలేదు. ఆ మాట నిజం కాదు. అలాంటి మాటల వల్ల మా ఇంట్లో ఎంత నష్టం జరిగిందో మాకు బాగా తెలుసు. తెలిసి కూడా అలవాటు కొద్దీ అదే మాట ఇంకొకరికి అప్పజెప్పాము. అందుకే ఆ అక్కగారికి చెప్పవలసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాము. మీలో ఇంకెవరికైనా అక్కరకు వస్తే సంతోషమే.

మా అమ్మాయి ఆరేళ్ళ దాకా బొటనవేలు చీకింది. వేపాకు పసరు రాశాము, గుడ్డ చుట్టాము, కసిరాము. ఏదీ పనిచేయలేదు. బడిలో చేరాక తనంతట తనే మానేసింది. అప్పటికే పై పళ్ళు ముందుకు వచ్చేశాయి. వేలు చీకటం ఒక్కటే కారణం కాదనీ, దవడల తీరు అమ్మానాన్నల నుంచి కూడా వస్తుందనీ, పాలపళ్ళు వేళకు ముందే పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరుగుతాయనీ తరువాత తెలుసుకున్నాము. పిల్లలకు 7 ఏళ్ళు వచ్చేసరికి పళ్ళ వరస ఒకసారి చూపించమని అమెరికాలోని ఆర్థోడాంటిస్టుల సంఘం చెబుతుంది. మా ఊళ్ళో అయితే ఏడేళ్ళ పిల్లకు పళ్ళు చూపించటమంటే నవ్వుతారు. మేమూ ఆ నవ్వేవాళ్ళలోనే ఉన్నాము.

ఎనిమిదో ఏట ఆమెకు దవడ పాలపన్ను పుచ్చి చిగురు వాచింది. రెండు రాత్రులు నిద్ర లేదు. పళ్ళ డాక్టరంటే రాదని, "గాజులు కొనుక్కుందాం రామ్మా" అని బస్సెక్కించాము. టౌనులో దిగాక నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్ళాము. ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకున్నాము, పన్ను తీసేశారు. తిరిగి వస్తూ గాజులు కూడా కొన్నాము. మాట తప్పలేదని మాకు మేమే చెప్పుకున్నాము. బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది, ఊరు వచ్చేదాకా ఇటు తిరగలేదు. ఆ గాజులు ఒక్కరోజు కూడా తొడుక్కోలేదు. తరువాత చాలాకాలం, పెళ్ళికి బయలుదేరినా, క్రిస్మస్ బట్టలకు బయలుదేరినా, బస్సు ఎక్కబోతూ ఆగి, "నిజంగా అక్కడికేనా?" అని అడిగేది. మాలో ఒకరం ఆదివారం బడిలో పాఠం చెబుతాము. అబద్ధమాడకూడదన్న పాఠం వచ్చిన వారం ఆమె ముందు వరసలో కూర్చుని చూస్తుంటే పుస్తకంలోంచి తల ఎత్తలేకపోయాము.

పన్నెండో ఏట ఆర్థోడాంటిస్టుకు చూపించాలని అనుకున్నాము. పళ్ళ డాక్టరు చదువు పూర్తిచేసి, ఆపైన పళ్ళ వరస సరిచేయటంలోనే మరో మూడేళ్ళు ఎం.డి.ఎస్. చదివిన వారిని ఆ పేరుతో పిలుస్తారు. ఈసారి దాచకూడదని ముందే మాట అనుకున్నాము. నాలుగు రోజుల ముందు, రాత్రి భోజనాలయ్యాక చెప్పాము. చిన్నపిల్లలకైతే ఒకరోజు ముందు చెబితే చాలేమో. ఎక్కువ రోజులుంటే దిగులు పెరుగుతుంది. పన్నెండేళ్ళ పిల్లకు మాత్రం ప్రశ్నలు పుట్టటానికి కొంత వ్యవధి కావాలి.

నొప్పి గురించి అడుగుతుందని సిద్ధపడి కూర్చున్నాము. ఆమె అడిగింది అది కాదు. "నేను బాగుండననా?" అంది.

ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. "ఆడపిల్ల, రేపు పెళ్ళి చెయ్యాలి, ఆ ఎత్తుపళ్ళ సంగతి చూడండి" అని వచ్చిన చుట్టమల్లా ఆమె ముందే అనేవారు. మేము వారించలేదు. నాయనమ్మ అయితే పళ్ళు లోపలికి పోవాలని రోజూ వేలితో అదమమనేది. అందరి మాటలూ ఆ పిల్ల లోపల దాచుకుంది. పళ్ళు ముందుకుంటే పడినప్పుడు అవే ముందు విరుగుతాయనీ, పెదవులు సరిగా మూసుకోవటం లేదనీ, ముందు పళ్ళతో కొరకటం కష్టంగా ఉంది కదా అనీ చెప్పాము. అవన్నీ నిజాలే. "అందం కోసం కాదా మరి?" అంది. కొంత అందుకూనని ఒప్పుకున్నాము. నువ్వు వద్దంటే ఇప్పుడు ఆగుదామని కూడా అన్నాము. ఆమె రెండు రోజులు ఆలోచించి వస్తానంది. ఆ రెండు రోజులూ మేము ఆ మాట ఎత్తకుండా ఉండటం ఎంత కష్టమైందో దేవునికే తెలుసు.

పిల్లల దంతవైద్యులకు ఒక పాత పద్ధతి ఉంది: ముందు చెప్పు, తరువాత చూపు, ఆ తరువాతే చెయ్యి. 1959లో అమెరికాలో ఒక దంతవైద్యుడు దాన్ని ఈ మూడు మాటల్లో పెట్టారు. మేము దాన్ని ఇంటి మట్టుకు వాడుకున్నాము. పడక కుర్చీలో పడుకోబెట్టి, టార్చిలైటు వేసి, స్పూను వెనకభాగంతో బుగ్గ పక్కకు జరిపి పళ్ళు లెక్కపెట్టాము. తమ్ముడు డాక్టరయ్యాడు, పద్నాలుగు దాకా లెక్కపెట్టి మరచిపోయాడు. నోరు తెరిచి ముక్కుతో ఊపిరి పీల్చటం అభ్యాసం చేయించాము. ఇది బాగా పనికొచ్చింది. ఎందుకంటే అక్కడ పళ్ళ అచ్చు తీసేటప్పుడు మెత్తని ముద్ద నింపిన ట్రే నోట్లో పెడతారు. రెండు మూడు నిమిషాల్లో గట్టిపడుతుంది. ఆ కాసేపూ వాంతి వచ్చినట్టుంటుంది. తల కొంచెం ముందుకు వంచి, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకుంటే గట్టెక్కవచ్చు. ఫోనులో వీడియో చూపించటం మాత్రం మా పొరపాటు. మొదటిది బాగానే ఉంది, దాని వెనకే ఎవరిదో దవడ ఆపరేషను వచ్చింది. మీరు చూపించదలిస్తే ముందు మీరు చూసి, ఒక్కటే చూపించి ఫోను లోపల పెట్టేయండి.

ఇంత జాగ్రత్తపడి కూడా మళ్ళీ తప్పు చేశాము. బయలుదేరే ముందురోజు రాత్రి ఆమె దుప్పటిలోంచి, "నాన్నా, పళ్ళు పీకరు కదా?" అని అడిగింది. "లేదమ్మా, తీగె కట్టటమే" అన్నాము. అప్పటికి మాకు ఆ సంగతి ఏమీ తెలియదు. తెలియదని చెప్పటం కంటే లేదని చెప్పటం తేలికనిపించింది.

డాక్టరమ్మగారు నోరు చూశారు, ఎక్సురేలు తీయించారు. ఒక మిషను తల చుట్టూ తిరుగుతుంది, కదలకుండా నిలబడితే చాలు, ఏమీ తెలియదు. అన్నీ చూశాక, పళ్ళు వెనక్కి జరగటానికి దవడలో చోటు లేదనీ, కోరపళ్ళ వెనక ఉండే చిన్న దవడ పళ్ళు నాలుగు తీయవలసి వస్తుందనీ అన్నారు. అందరికీ ఇలా తీయరు. మా అమ్మాయి దవడకు అవసరమైంది. ఆ మాట వినగానే ఆమె డాక్టరమ్మగారి వైపు చూడలేదు. మా వైపు చూసింది. గాజుల నాటి చూపే.

ఆవిడ గ్రహించినట్టున్నారు. స్టూలు పిల్ల వైపు తిప్పుకుని, మాతో కాకుండా ఆమెతోనే మాట్లాడారు. అచ్చుతో చేసిన తెల్లని పళ్ళ బొమ్మ చేతికిచ్చి, ఏ పళ్ళు తీస్తారో, ఆ చోటులోకి ఏవి జరుగుతాయో వేలితో చూపించారు. పంటిని ఒక వైపు నెమ్మదిగా, ఎడతెగకుండా నెడితే ఆ వైపు ఎముక కొద్దికొద్దిగా కరుగుతుందట, వెనక వైపు కొత్త ఎముక కడుతుందట. ఒక సన్నని తీగె తీసి ఆమె చేతే వంపించి వదలమన్నారు. తీగె తన పాత వంపుకి తనే వచ్చేసింది. నికెల్, టైటానియం కలిపిన తీగె అది. అమెరికా నౌకాదళం ప్రయోగశాలలో కనిపెట్టినది 1970ల నుంచి పళ్ళకు వాడుతున్నారు. మా అమ్మాయి దాన్ని నాలుగైదు సార్లు వంచింది. "ఇవాళ ఏమీ చేయనమ్మా, రెండు వారాలు ఆలోచించుకుని రా" అని పంపించారు.

బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఆమెకు క్షమాపణ చెప్పాము. పెద్దవాళ్ళం పిల్లకు చెప్పటం మాకు అలవాటు లేదు, మాటలు తడబడ్డాయి. "మాకు తెలియకుండానే లేదన్నాము. తప్పు మాదే. గాజుల రోజున కూడా మాదే తప్పు" అన్నాము. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. బస్సు వచ్చే వేళకు, "ఈసారి తెలియకపోతే తెలియదని చెప్పండి" అంది.

ఆ రెండు వారాల్లో ఒక పాత నోటుబుక్కులో ప్రశ్నలు రాసుకుంది. మత్తు సూది ఎంత పొడవు? నొప్పి ఎన్ని రోజులు? మధ్యలో ఆపమంటే ఆపుతారా? క్లిప్పులతో పాట పాడవచ్చా? చివరిది క్రిస్మస్ పాటల కోసం. వెళ్ళిన రోజు తనే చదివి వినిపించింది. డాక్టరమ్మగారు ఒక్కొక్కదానికీ జవాబు చెప్పారు. ఆపాలంటే ఎడమ చెయ్యి ఎత్తమన్నారు. ఆమె ఒకసారి ఎత్తింది. నిజంగా ఆపారు. ఆ తరువాత మళ్ళీ ఎత్తలేదు.

ఇక మిగిలినవి త్వరగా చెబుతాము. పళ్ళు ఒక వైపువి రెండు ఒక రోజు, రెండో వైపువి వారం తరువాత తీశారు. మత్తు రెండు మూడు గంటలుంటుంది. అప్పుడు పిల్లలు తెలియక పెదవి కొరుక్కుంటారు, కనిపెట్టి ఉండాలి. దవడ పళ్ళకు కడియాలు తొడగటానికి కొన్ని రోజుల ముందు పళ్ళ మధ్య చిన్న రబ్బరు రింగులు పెడతారు. మాంసం ముక్క ఇరుక్కున్నట్టుంటుంది, పుల్ల పెట్టి తీయకూడదు. క్లిప్పులు అంటించిన రోజు అసలు నొప్పి లేదు. ఏదో పుల్లని జెల్లు రాసి, కడిగి, అంటించి, నీలం లైటు పడతారు. కిందా పైనా అంతా పూర్తయ్యేసరికి గంట దాటింది. నోరు తెరిచి తెరిచి దవడ అలసిపోతుంది, అంతే. నొప్పి ఇంటికొచ్చాక మొదలవుతుంది. మా అమ్మాయికి రెండో రోజు ఎక్కువగా ఉంది. మజ్జిగన్నం, ఉప్మా జావగా చేసి పెట్టాము. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాలు, గోరువెచ్చని ఉప్పునీళ్ళ పుక్కిలింత. బుగ్గకు గీసుకుపోతుంటే మైనం ఇస్తారు, చిన్న ఉండ చేసి క్లిప్పు మీద అద్దాలి. వారం లోపల సర్దుకుంది. నెలనెలా తీగె బిగించినప్పుడు ఒకటి రెండు రోజులు మళ్ళీ ఉంటుంది.

తేగలు, చెరకు, మొక్కజొన్న పొత్తులు, పల్లీ పట్టీలు, జంతికలు తినకూడదు. జామకాయ కొరకకూడదు, ముక్కలు కోసి పెట్టవచ్చు. సంక్రాంతికి నాయనమ్మ ప్రేమ కొద్దీ ఒక జంతిక ఇచ్చింది. ఒక క్లిప్పు ఊడింది, ఒక రోజు పనీ బస్సు చార్జీలూ పోయాయి. ముసలావిడను ఎవరూ ఏమీ అనలేదు. తరువాత నుంచి ఆవిడ జంతికలను రోట్లో పొడి చేసి ఇచ్చేది.

డబ్బు సంగతి ఒకటి. మాకు మొత్తం 35,000 రూపాయలయింది, వాయిదాల్లో కట్టాము. ఒక నెల చేతిలో లేక ఇంట్లో గట్టిగా మాట్లాడుకున్నాము. మరునాడు పిల్ల, "క్లిప్పులు తీయించేద్దామా?" అని అడిగింది. లెక్కలు పిల్ల నిద్రపోయాకే చూసుకోవాలని ఆ రోజు తెలిసింది.

ఇరవై రెండు నెలలకు క్లిప్పులు తీశారు. ఇప్పుడు ఆమెకు పదిహేనేళ్ళు. పళ్ళు మళ్ళీ పాత చోటికి పోకుండా రాత్రిళ్ళు రిటైనరు పెట్టుకుంటుంది, మరచిపోతే నాయనమ్మ గుర్తు చేస్తుంది.

ఈ మాటలు రాస్తుండగానే ఇంకో ఆదివారం వచ్చింది. ఆరాధన అయ్యాక ఆ అక్కగారి అబ్బాయి చర్చి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మా అమ్మాయి వెళ్ళి పక్కన కూర్చుంది. మేము కాస్త ఎడంగా నిలబడి విన్నాము.

"అక్కా, నొప్పి పెడుతుందా?"

"పెడుతుంది. వేసిన రోజు కాదు, మరునాడు. నాకు నాలుగో రోజుకి ఇడ్లీ తినాలనిపించింది."

"పళ్ళు పీకుతారా?"

"నాకు నాలుగు పీకారు. నీకు పీకుతారో లేదో నాకు తెలియదు. డాక్టరు గారిని నువ్వే అడుగు."

వాడు కాసేపు ఆలోచించి, పాటల పుస్తకంలో పెట్టుకున్న కాగితం ఒకటి తీసి, "పెన్సిలుందా అక్కా?" అన్నాడు.