నీ వంతా, నా వంతా?

రాత్రి రెండింటికి మీ ఇంట్లో లైటు వెలుగుతోంది. చూశాను. బుకాయించకండి, పాట కూడా వినబడింది. చొకొబో పక్షి పాట! గోడకి ఇవతలున్నంత మాత్రాన ఆ పాట గుర్తుపట్టలేనా? ఫైనల్ ఫాంటసీ 7 రీబర్త్ ఆడుతున్నారు మీరు. ఆడండి, హాయిగా ఆడండి. నాతో ఒక్క మాటైనా చెప్పకుండా మొదలుపెట్టారే, అదీ నా బాధ.

సరే, ఎలాగూ దొరికిపోయారు కాబట్టి ఓ కుర్చీ లాక్కుని కూర్చోండి. మనిద్దరి మధ్యా ఒక తగువు తేలకుండా ఉండిపోయింది. స్క్వేర్ ఎనిక్స్ వాళ్లు ఈ నాలుగైదేళ్లలో తెచ్చిన ఆర్పీజీల్లో ఏది మిన్న? మీ ఓటు ఎటో రాత్రే తెలిసిపోయింది. నా ఓటు ఆక్టోపాత్ ట్రావెలర్ 2కి. అదుగో, అప్పుడే మూతి తిప్పుతున్నారు! ముందు వినండి.

అసలు ఆ ఇంట్లోనే రెండు పొయ్యిలున్నాయండీ. స్క్వేర్ అంటే ఫైనల్ ఫాంటసీ. ఎనిక్స్ అంటే డ్రాగన్ క్వెస్ట్. ఏళ్ల తరబడి ఎదురెదురు దుకాణాలు. జపాన్‌లో పిల్లలు ఈ పక్షమా ఆ పక్షమా అని కొట్టుకునేవాళ్లు. 2003 ఏప్రిల్ 1న రెండు కంపెనీలూ కలిసిపోయాయి. వియ్యమందుకున్నారన్నమాట. అయినా ఎవరి వంట వాళ్లదే, ఎవరి తాలింపు వాళ్లదే. నాకు ముచ్చటేసేది అదే. ఒక పొయ్యి మీద సినిమాని తలదన్నే హంగామా. ఇంకో పొయ్యి మీద వేలెడంత బొమ్మలతో పాతకాలపు రుచి. తినేవాడిదే అదృష్టం.

మీ రీబర్త్‌ని నేనేమీ అనను. అనగలనా? 2024 ఫిబ్రవరి 29న వచ్చింది, రెండు డిస్కుల నిండా. 1997లో వచ్చిన పాత ఆటని మూడు ముక్కలు చేసి, నడిమి ముక్కని ఇంత పెద్ద ప్రపంచంగా పరిచారు. ఒక్కో ప్రాంతంలో చొకొబోకి ఒక్కో విద్య. ఒకచోట కొండ గోడలెక్కుతుంది, ఇంకోచోట గాల్లో తేలుతుంది. ఇక ఆ పేకాట ఉంది చూశారూ, క్వీన్స్ బ్లడ్! మూడు వరసలు, అయిదు నిలువులు, ఆ కాస్త బల్ల మీద ఎంత కుట్ర! ప్రపంచం మునిగిపోతోందని, విలన్ సెఫిరోత్‌ని పట్టుకోవాలని బయల్దేరిన మనిషి ఊరూరా ఆగి పేకలు పరుస్తాడు. ఎవరైనా ఏమిటిదని అడిగారా? అడగరు. పేక ముక్క చేతిలో పడ్డాక ప్రపంచం కాసేపు ఆగుతుంది, అంతే.

కానీ ఆ చాడ్లీ! ఆ కుర్రాడిని ఎలా భరిస్తున్నారండీ మీరు? టవర్ ఎక్కితే ఫోను. ఓ రాయి తాకితే ఫోను. బాగా చేశారని ఫోను, ఇంకోటి మిగిలిందని ఫోను. నేనేదో గడ్డిలో గాలి ఎలా కదులుతోందో చూస్తూ నిలబడితే గొంతు ఖంగుమంటుంది. మంచి పిల్లవాడే, కాదనను. మంచి పిల్లల్ని కూడా కాసేపు బయటికెళ్లి ఆడుకోమంటాం కదా.

మా మేనకోడలు మాత్రం ఫైనల్ ఫాంటసీ 16 అంటుంది. కారణం ఒక్కటే: టోర్గల్. కుక్క. ఎంత కథ నడుస్తున్నా ఆగి దాన్ని నిమురుతూ ఉంటుంది. నేను వాదించలేదు, కుక్క విషయంలో వాదన ఉండదు. 2023 జూన్ 22న వచ్చిన ఆ ఆటలో ఇంకో గొప్ప సుఖం ఉంది, దాని గురించి ఎవరూ సరిగ్గా చెప్పుకోరు. కథ మధ్యలో ఎవరు ఎవరికి ఏమవుతారో మర్చిపోయామనుకోండి. బటన్ ఒకటి నొక్కి పట్టుకుంటే చాలు, అంతా ఆగి, ఆ సన్నివేశంలో ఉన్న మనుషుల వివరాలు తెరమీదికొస్తాయి. పెళ్లిలో పక్కన కూర్చుని 'ఆవిడ ఫలానా వాళ్ల ఆడపడుచు' అని చెవిలో చెప్పే పిన్నిలాగా! ఈ సౌకర్యం అన్ని ఆటల్లోనూ ఉండాలి. పెళ్లిళ్లలో కూడా.

అయితే 16లో నాకు దొరకనిది ఒకటుంది. వంతు.

అవునండీ, వంతు. నువ్వు కొట్టు, తర్వాత నేను కొడతాను. 16లో దెబ్బ మీద దెబ్బ, వేళ్లకి పని, కళ్లకి పండగ. టైటన్ అనే మహాకాయుడితో పోరు చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ నాకు కావలసింది ఆ ఆగే క్షణం. అష్టాచెమ్మాలో గవ్వలు గుప్పిట్లో పట్టుకుని ఊపుతూ, ఎదుటివాడి మొహం చూస్తూ, వెయ్యకుండా ఉంటాం చూశారూ, ఆ క్షణం. అందులోనే ఉంది రుచంతా. ఆటల్లో దాన్ని టర్న్ బేస్డ్ అంటారు, పేరు పొడిపొడిగా ఉంటుంది, సంగతి మాత్రం నెయ్యి.

ఇప్పుడు ఆక్టోపాత్ 2కి వస్తాను. 2023 ఫిబ్రవరి 24న వచ్చింది. మా మేనకోడలి 16 కంటే నాలుగు నెలలు ముందు, చడీచప్పుడు లేకుండా. ప్రతి శత్రువు కింద కొన్ని ప్రశ్నార్థకాలుంటాయి, పక్కన డాలు గుర్తులో ఓ అంకె. కత్తికి లొంగుతుందా, గొడ్డలికా, నిప్పుకా, మంచుకా? మనమే తడిమి తెలుసుకోవాలి. సరైనదానితో కొట్టిన ప్రతిసారీ డాలు అంకె ఒకటి తగ్గుతుంది. సున్నాకి దిగిందా, టప్‌మని పగులుతుంది. వాడి వంతు పోయింది. నోరు తెరుచుకుని నిలబడతాడు.

ఇక మన వైపు. ప్రతి వంతుకీ ఒక చుక్క జమవుతుంది. అయిదు దాకా కూడబెట్టొచ్చు, ఒక్కసారికి మూడు ఖర్చుపెట్టొచ్చు. ఖర్చుపెట్టిన మర్నాడు జీతం రాదు! అంటే తర్వాతి వంతుకి చుక్క పడదు. ఇదంతా లెక్కే కదా అంటారా? లెక్కే. చీటీ పాడేవాళ్ల లెక్క లాంటిది. ఇప్పుడే పాడేద్దామా, ఇంకో నెల ఆగుదామా? డాలు ఇంకా రెండుంది, వచ్చే వంతులో వాడు పెద్ద దెబ్బ వేస్తాడని తెలుసు, నా దగ్గర మూడు చుక్కలున్నాయి. ఆగి, కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని, చాయ్ ఓ గుక్క తాగి, అప్పుడు నొక్కాలి. బాస్ పాపం నిలబడే ఉంటాడు. ఎంత మర్యాదస్తుడో!

ఆ సంగీతం గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. యసునోరి నిషికి చేశాడు. పెద్ద పోరుకి ముందు ఎవరి కథైతే వాళ్ల పాట మెల్లగా మొదలవుతుంది, మాటలు సాగుతాయి, పాట ఉబ్బుతుంది, ఎక్కడా అతుకు తెలియకుండా యుద్ధంలోకి దూకేస్తుంది. ఒక్క బటన్ నొక్కితే పగలు రాత్రయిపోతుంది, ఊరి పాట కూడా రాత్రి పాటైపోతుంది. నేను ఊళ్లో అడుగుపెట్టగానే చేసే మొదటి పని అదే. పగలు, రాత్రి, మళ్లీ పగలు. మీరూ చేస్తారు, చూస్తూ ఉండండి.

రాత్రయితే మనుషుల బుద్ధులూ మారతాయి. మనం నడిపేవాళ్లు ఎనిమిది మంది ఉన్నారా, వైద్యురాలు క్యాస్టీ పగలు జనాన్ని ఆప్యాయంగా కబుర్లడిగి రహస్యాలు లాగుతుంది. రాత్రి మందిచ్చి నిద్రపుచ్చుతుంది. ఓస్వాల్డ్ అని ఒక పండితుడు, భార్యనీ కూతురినీ చంపాడన్న అబద్ధపు నేరం మీద జైల్లో ఉంటాడు. పగలు మనిషిని చూసి విషయం పసిగడతాడు, రాత్రి మీదపడి లాక్కుంటాడు. పండితుడండీ! హికారి యువరాజు ఎదురైనవాళ్లతో ఒంటిపోరుకి దిగి, గెలిచి, వాళ్ల విద్య నేర్చేసుకుంటాడు. నాకు వీళ్లందరిలోకీ ఇష్టుడు పార్టీషియో. వ్యాపారి. ప్రపంచంలో పేదరికమనే దయ్యాన్ని తరిమేస్తానని బయల్దేరాడు. రాక్షసరాజుని చంపడానికి వెళ్లే వీరులు వందమంది ఉన్నారు. పేదరికం మీదికి, జేబులో చిల్లరతో, నవ్వుతూ వెళ్లినవాణ్ణి నేను ఇతన్నే చూశాను. అన్నట్టు ఈ ఎనిమిది మంది పేర్ల మొదటి అక్షరాలు ఇంగ్లీషులో వరసగా పేర్చి చూడండి. ఆక్టోపాత్ అని వస్తుంది. కనిపెట్టినప్పుడు నేను ఇంట్లో అందరికీ చెప్పాను. అందరూ 'ఊఁ' అన్నారు. మీరైనా సంతోషించండి.

వంతుల మాటొచ్చింది కాబట్టి ఒక ముచ్చట. హిరోయుకి ఇతో అని ఒకాయన, ఫైనల్ ఫాంటసీ 4 చేసే రోజుల్లో ఫార్ములా వన్ రేసు చూస్తున్నాడట. ఒక్కో కారుకి ఒక్కో వేగం, ఒకదాన్నొకటి దాటుకుపోతున్నాయి. మరి పోరులో కూడా ఎవరి వేగాన్ని బట్టి వాళ్లకి వంతు వస్తే? అలా పుట్టింది ఏటీబీ, 1991లో. మీ రీబర్త్‌లో కింద గీత నిండుతూ ఉంటుందే, అదీ ఆ వంశమే. అదే ఇతో 2021లో డంజియన్ ఎన్‌కౌంటర్స్ అని ఒకటి తెచ్చాడు. గళ్ల కాగితం లాంటి నేల, 99 అంతస్తులు. నల్ల అంకె మీద కాలు పెడితే పోరు, తెల్ల అంకె మీద పెడితే ఏదో ఒక విశేషం. బొమ్మలు పొదుపు, కథ పొదుపు. వంతు మాత్రం పుష్కలం! వేసవి సెలవుల్లో గదిలో కూర్చుని గళ్లనోటులో ఆటలు గీసుకున్నవాళ్లెవరైనా దీన్ని వదలరు.

డ్రాగన్ క్వెస్ట్ 3 మాటేమిటంటారా? వస్తున్నాను, తొందరపెట్టకండి. 1988లో పుట్టిన ఆట, 2024 నవంబర్ 14న హెచ్‌డీ-2డీ బట్టలు కట్టుకుని వచ్చింది. పదహారో పుట్టినరోజున ఇల్లు వదిలి బయల్దేరతాం. సత్రంలాంటి ఒకచోట తోడు మనుషుల్ని ఎంచుకోవాలి. యోధుడు, పూజారి, మంత్రగాడు... వీళ్ల పక్కనే ఒక జులాయి! నిజంగానే జులాయి. పోరు మధ్యలో వాడికి తోచినట్టు వాడు వేషాలేస్తాడు, మనం చెప్పింది చెయ్యడు. బుద్ధున్నవాడెవడూ వెంట తీసుకెళ్లడు. తీసుకెళ్లి, ఓపిగ్గా 20వ లెవెల్ దాకా పెంచారా, గ్రంథం అక్కర్లేకుండా సరాసరి జ్ఞాని అయిపోతాడు. వైద్య మంత్రాలూ వాడివే, అగ్ని మంత్రాలూ వాడివే. మిగతావాళ్లకి ఆ పదవి కావాలంటే గ్రంథం వెతికి తెచ్చుకోవాలి. ఈ ఆట సృష్టికర్త యూజీ హోరీ ఇది ఏ మేనమామని చూసి రాశాడో గానీ, నేను ప్రతిసారీ ఒక జులాయిని వెంటేసుకునే వెళ్తాను.

చచ్చిపోయిన నేస్తాలు శవపేటికలై మన వెనకాలే వరసగా నడుచుకుంటూ రావడం, చర్చికెళ్లి ఫాదర్‌గారికి డబ్బులిచ్చి లేపించుకోవడం, ఇవన్నీ అలాగే ఉంచారు. ఆ స్లైమ్ ఉంది కదా, నీలం చుక్క, నవ్వు మొహం. హోరీ గీసిచ్చింది ఏదో బురదముద్దట. బొమ్మలేసిన అకిరా తొరియామా చేతిలో పడి చినుకైంది. ఆయన 2024 మార్చి 1న వెళ్లిపోయారు, మీ రీబర్త్ వచ్చిన మర్నాడే. సంగీతం ఇచ్చిన కొయిచీ సుగియామా 2021లోనే పోయారు. ఆ ఏడాదే టోక్యో ఒలింపిక్స్ ప్రారంభంలో క్రీడాకారుల ఊరేగింపు మొదలైంది సుగియామా కట్టిన డ్రాగన్ క్వెస్ట్ పాటతోనే. మనవాళ్లు జెండా పట్టుకుని నడిచింది ఆ ఆటపాటల ఊరేగింపులోనే. ఆ రోజు టీవీ ముందు నేను లేచి నిలబడ్డాను.

ఇంకా ఉన్నాయండీ. లైవ్ ఎ లైవ్ ఆడారా? 1994లో జపాన్‌లో వచ్చి, 28 ఏళ్లు ఆ దేశం గడప దాటలేదు. 2022లో దాటింది. ఆదిమానవుల కథలో ఒక్క మాట ఉండదు, అంతా సైగలూ కేకలూ. నింజా కథలో కోటలోకి దూరి నూరుమందిని చంపొచ్చు, ఒక్కణ్ణీ ముట్టకుండానూ రావొచ్చు. రోబో కథలో అందరికీ కాఫీ అందించాలి. ఆగండి, ఆ కాఫీ కథలో భయం కూడా ఉంది, రాత్రి ఆడకండి. రొమాన్సింగ్ సాగా 2 కొత్తది కూడా ఉంది: చక్రవర్తి పోతే వారసుడికి ఆయన విద్యలన్నీ వచ్చేస్తాయి. పోరు మధ్యలో మనవాడి తల మీద టక్కున బల్బు వెలుగుతుంది, కొత్త దెబ్బ తట్టిందన్నమాట. ఆ బల్బు కోసం ఎన్ని పొద్దులైనా గడపొచ్చు.

మరి తగువెలా తేలుస్తాం? ట్రయాంగిల్ స్ట్రాటజీలో ఒక పద్ధతుంది. ఉప్పు కోసం, ఇనుము కోసం రాజ్యాలు కొట్టుకునే కథ అది. పెద్ద నిర్ణయం వచ్చినప్పుడల్లా తక్కెడ తెచ్చి మధ్యలో పెడతారు, నేస్తాలు తలా ఒక ఓటు వేస్తారు. నాయకుడు బతిమాలొచ్చు, నచ్చజెప్పొచ్చు, ఓటు మాత్రం వాళ్లది. మనమూ అదే చేద్దాం. మీది రీబర్త్ పళ్లెంలో పడింది. మా మేనకోడలిది కుక్క దగ్గర పడింది. నాది ఆక్టోపాత్‌లో. మీ ఆవిడ ఓటు మిగిలింది. నిన్న ఆవిడకి నా కాపీ ఇచ్చాను, మీకు చెప్పలేదా?

మీరు కూడా రీబర్త్ అయ్యాక ఆక్టోపాత్ మొదలుపెట్టండి. ఒక్కటి గుర్తుంచుకోండి, ఎవరితో మొదలుపెడితే వాళ్ల కథ ముగిసేదాకా వాళ్లని పక్కన పెట్టడానికి వీల్లేదు, ఊరూరా వెంట తిప్పాల్సిందే. అందుకని తొందరపడి నొక్కకండి. నేను క్యాస్టీతో మొదలుపెట్టాను, మందు చేతిలో ఉంటే ధైర్యం. పార్టీషియోతో మొదలుపెడితే మీ మీద గౌరవం పెరుగుతుంది. ఒకవేళ ఆ వేటపిల్ల ఓషెట్ అయితే, మొదట్లోనే తోడుకి ఒక జంతువుని ఎంచుకోమంటుంది. నాలుగు కాళ్లదాన్ని తీసుకున్నారో గుడ్లగూబని తీసుకున్నారో, రేపు పొద్దున్న పాలు తేవడానికి వెళ్లేటప్పుడు గోడ దగ్గర ఒక్క నిమిషం ఆగి చెప్పి వెళ్లండి.