మైనపు దారం

ఓజాలు చేసిన ఇత్తడి బొమ్మను చేతిలోకి తీసుకున్నవాళ్ళు ముందు అది ఏనుగా, నెమలా, ఎడ్లబండా అని చూస్తారు. మేము దాని ఒంటి మీది గీతలు చూస్తాం. అవి ఉలితో చెక్కినవి కావు. ప్రతి గీతా ఒకప్పుడు మైనపు దారమే. మైనం కరిగిపోయిన చోటికి ఇత్తడి వచ్చి కూర్చుంది. దారం ఎక్కడ లావైందో, ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ తెగితే అతికించారో ఇత్తడి ఏదీ దాచదు.

ఉషేగాం, కేస్లగూడ వంటి ఊళ్ళలో ఓజాలు ఈ పని చేస్తున్నారు. ఉమ్మడి ఆదిలాబాద్ ఊళ్ళివి, ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్నాయి. మా గోండుల దేవుళ్ళకు కావలసిన ఇత్తడి సామాను, గంటలు తరతరాలుగా వాళ్ళ చేతుల మీదుగానే వచ్చాయి. బయటివాళ్ళు దీన్ని డోక్రా అంటారు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దీని గురించి రాసేవాళ్ళు చాలామంది మొహెంజొదారో నాట్యకత్తెతో మొదలుపెట్టి నేరుగా కొలిమి దగ్గరకు వచ్చేస్తారు. కొలిమి ఫోటోకు బాగుంటుంది మరి. మైనం ఒత్తే పని గురించి రెండు వాక్యాలు రాసినవాళ్ళు మాకు కనబడలేదు.

మట్టితో లోపలి ముద్ద చేసి ఆరబెట్టడం, దాని మీద మైనపు దారాలు చుట్టడం, పైన మెత్తటి మట్టి, ఆ పైన ముతక మట్టి పూయడం, కాల్చి మైనాన్ని పోగొట్టి ఆ ఖాళీలో ఇత్తడి పోయడం - ఇదంతా మీకు తెలిసిందే. దారం ఎట్లా వస్తుందన్నది చూద్దాం.

తేనెపట్టు మైనాన్ని కరిగించి గుడ్డలో వడగడతారు. బిగువు కోసం గుగ్గిలం, సాగడానికి కొంచెం నూనె కలుపుతారు. ఆ ముద్దను గొట్టంలో కూరి వెనక నుంచి కర్రతో తోస్తారు. ముందు వైపు చిల్లు ఉన్న బిళ్ళ ఉంటుంది. మురుకుల గొట్టం ఉన్న ఇంటివాళ్ళకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. కాకపోతే మురుకు ఒకచోట లావై ఒకచోట సన్నమైనా తినేస్తాం. ఇక్కడ ఆ తేడా వందేళ్ళు కనబడుతుంది.

తోపు ఒక్క క్షణం ఆగితే, అందుకుంటున్న రెండో చెయ్యి లాగి దారం సన్నబడుతుంది, లేదా తెగుతుంది. ఉన్నట్టుండి గట్టిగా తోస్తే ఉబ్బి, మెలికపడి వస్తుంది. గొట్టంలో కూరేటప్పుడు ఎక్కడైనా గాలి మిగిలితే అది చిల్లు దాకా వచ్చి టప్పుమని పేలుతుంది, అక్కడ దారానికి గుంట పడుతుంది. అందుకే కూరేవాళ్ళు కొంచెం కొంచెం పెట్టి, ప్రతిసారీ అదుముతారు. చూసేవాళ్ళకు అది వట్టి ఆలస్యంలా ఉంటుంది.

దీనికి తోడు మైనం ఒక్కలా ఉండదు. 62 నుంచి 64 డిగ్రీల దగ్గర అది కరుగుతుంది. కానీ మన ఒంటి వేడికే మెత్తబడడం మొదలుపెడుతుంది. పుష్యమాసపు పొద్దున ఇదే ముద్ద రాయిలా ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం వేలికి అంటుకుంటుంది. ఈ మధ్య తేనె మైనం దొరక్క, దొరికినా ధర అందక, కొవ్వొత్తి మైనం కలుపుతున్నారు. చలికి అది పెళుసెక్కి, చుట్టేటప్పుడు పగులుతుంది.

పెద్ద తరగతుల సైన్సు పుస్తకంలో పీడనం అంటే వైశాల్యంతో భాగించిన బలం అని ఉంటుంది. ఆ లెక్కన బలం మారకపోతే పీడనమూ మారకూడదు. గొట్టం దగ్గర కూర్చుంటే మాత్రం వేరేలా ఉంటుంది. గొట్టం నిండుగా ఉన్నప్పుడు మైనం గోడల పొడవునా రాసుకుంటూ కదలాలి. చేతి బలంలో చాలా భాగం ఆ ఘర్షణకే పోతుంది. మైనం తగ్గేకొద్దీ రాపిడి తగ్గుతుంది. మొదట తోసిన బలంతోనే చివర కూడా తోస్తే దారం ఒక్కసారిగా ఉరికొస్తుంది. చిల్లు దగ్గర ఒత్తిడి ఒకేలా ఉండాలంటే చేతి బలం అంతసేపూ తగ్గుతూ రావాలి. ఎంత తగ్గాలన్నది ఏ పుస్తకమూ చెప్పలేదు, ఎందుకంటే అది ఆ రోజు ఎండను బట్టి, ఆ ముద్దలోని గుగ్గిలాన్ని బట్టి ఉంటుంది. ఒక కాకా మాతో అన్నాడు: "సార్, బలంతోని తోసేటోడు పది దారాలకే అలిసిపోతడు. మైనం ఏమంటుందో ఇనుకుంట తోసేటోడు పొద్దంతా తీస్తడు."

ఇంత నేర్పుకు సంతలో వెల ఎంత? కొనేవాళ్ళు బొమ్మను త్రాసులో పెడతారు. ఇత్తడి బరువు మైనానికి సుమారు తొమ్మిది రెట్లు. పది గ్రాముల మైనం వాడిన చోట దగ్గర దగ్గర తొంభై గ్రాముల ఇత్తడి కూర్చుంటుంది. ఇప్పుడు ఒకే బొమ్మను ఒకరు ఒక మిల్లీమీటరు దారంతో, ఇంకొకరు ఒకటిన్నర మిల్లీమీటరు దారంతో చుట్టారనుకుందాం. సన్న దారం వాడినవాళ్ళు ఒకటిన్నర రెట్లు పొడవు దారం తీయాలి, చుట్టాలి. వాళ్ళ చుట్టు తూగేది మాత్రం లావు దారం చుట్టులో మూడింట రెండు వంతులే. ఎక్కువ పని చేసినవాళ్ళకు తక్కువ డబ్బు. త్రాసు ఇట్లా తీర్పు చెబుతుంటే దారం లావెక్కకుండా ఎట్లా ఉంటుంది? భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది, మంచిదే. ఆ పేరు తెచ్చిన దారాన్ని కాపాడేది కొనేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న. "ఎన్ని కిలోలు" అన్నదే ఆ ప్రశ్న అయినంత కాలం పిల్లలు సన్న దారం తీయడం నేర్చుకోరు. నేర్చుకోకపోతే వాళ్ళను తప్పుపట్టలేం.

దేవుడి సామాను సంగతి వేరు. పెర్సపేన్ కోసం చేయించినదాన్ని మా పెద్దలు తూచి బేరమాడగా మేము చూడలేదు.

బడిలో కొలతల పాఠం వచ్చినప్పుడు సన్నని వస్తువు మందం ఎట్లా కనుక్కోవాలో చెప్పాం. పదింటిని పక్కపక్కన ఆనించి పెట్టి, స్కేలుతో కొలిచి, పదితో భాగించాలి. పిల్లలు తీగలు, పుల్లలు తెచ్చారు. ఒక ఓజా అమ్మాయి మైనపు దారాలు తెచ్చింది, మూడు కట్టలు. తాత తీసినవి పది దారాలు కలిపి 10 మిల్లీమీటర్లు. తను తీసినవి 12, అందులో రెండు ఒక చివర లావు. మూడో కట్ట కూడా తాతదే, నాన్న కొత్తగా చేయించిన బిళ్ళతో తీసింది. ఎక్కడా హెచ్చుతగ్గు లేదు, కానీ 15 వచ్చింది. సంతకు చేసే బొమ్మలన్నీ ఇప్పుడు ఆ బిళ్ళతోనే అని చెప్పింది. పాత బిళ్ళ ఏం చేశారని అడిగాం. గూట్లో ఉందట. దేవుడి పనికి తీస్తారట.