ఎవరూ నొక్కని మీట

గండికోట లోయ దాటి వచ్చిన పెన్నా నది, జమ్మలమడుగు దగ్గరి మైలవరం ఆనకట్ట వద్ద పెద్ద చెరువు వలె నిలుస్తుంది. అక్కడినుంచి నది వెంబడే తూర్పుగా ప్రయాణిస్తే, ప్రొద్దుటూరు దాటిన తరవాత సిద్ధవటం దగ్గర లంకమల కొండలు వస్తాయి. కొండల కింద ముళ్లపొదలూ, రాతినేలా తప్ప చూడవలసింది ఏమీ లేదనిపిస్తుంది. కాని లోకంలోకెల్లా అరుదైన పక్షులలో ఒకటైన కలివికోడి ఉండేది ఈ పొదలలోనే.

పగలు అది పొదల నీడన నక్కి ఉంటుంది. రాత్రి అయితేగాని బయటికి రాదు. 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడి మూలంగా ఇది శాస్త్రజ్ఞులకు తెలిసింది. 1900 తరవాత ఎన్నో ఏళ్లు కనిపించక, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో ఇక్కడి రెడ్డిపల్లె దగ్గర ఒకటి దొరికింది. అందరూ సంతోషించారు. అయితే పట్టుబడిన ఆ పిట్ట బతకలేదు.

మరి, పట్టుకోకుండా దాని జాడ తెలుసుకోవటం ఎలా? శాస్త్రజ్ఞులు అడవిలో మెత్తని మన్ను పరిచి అడుగుజాడలు వెతికారు. తమంత తామే ఫొటో తీసే కెమెరాలు కూడా పెట్టారు.

అటువంటి కెమెరాను ఈనాడు మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్పుతో మనమూ తయారు చేయవచ్చు. దానికి ముందుగా కొన్ని ఆజ్ఞలు రాసిపెట్టాలి: "మీట నొక్కారా? లేకపోతే మళ్లీ చూడు. నొక్కితే కెమెరాకు సంకేతం పంపు. తరవాత కాస్త ఆగు." చిప్పు ఈ ప్రశ్నను సెకనుకు కొన్ని వేలసార్లు వేసుకుంటుంది. ఆగటం ఎందుకంటే, మీటను ఒక్కసారి నొక్కినా లోపలి రేకులు అదిరి చాలాసార్లు తగులుకుంటాయి. ఆగకపోతే ఒక నొక్కు పది నొక్కులవుతుంది!

ఇది సరిగా పనిచేశాక, మీట తీసి, ఒంటి వేడి కదలికను పసిగట్టే పరికరం తగిలిస్తారు. పిట్ట దాని ముందుగా నడిస్తే చాలు, మీట నొక్కినట్టే.

పిట్ట ఎక్కడ తిరుగుతున్నదో తెలిస్తేనే ఆ చోటును కాపాడగలం. 2005లో ఈ పొదల గుండా తెలుగుగంగ కాలువ తవ్వటం మొదలుపెట్టారు. చివరకు కలివికోడి కోసం కాలువ దారినే మార్చారు.

మీరూ బడిలో ముందు మీటతో కెమెరాను పని చేయించండి. తరవాత పెరట్లో పిట్టలు నీళ్లు తాగేచోట పెట్టి చూడండి. మీరు దూరంగా ఉంటేనే అవి దగ్గరికి వస్తాయి.