ఓకే అంటే బాగున్నట్టేనా?

రోజుకి ఎన్నిసార్లు ‘ఓకే’ అంటామో లెక్కుందా అండీ? అసలు ఆ మాట పుట్టిందే వేళాకోళానికి. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో ‘ఓ.కె.’ అంటే ‘ఆల్ కరెక్ట్’ అని వేశారు. నిజానికి ఎ, సి అని ఉండాలి. కావాలనే స్పెల్లింగు తప్పు రాసి నవ్వుకోవడం అప్పటి ఫ్యాషన్. మరుసటేడు ఎన్నికల్లో, ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అని పిలిచే అధ్యక్షుడు వాన్ బ్యూరెన్ కోసం ఆయన మనుషులు ఓకే క్లబ్బు పెట్టారు. ఆయన ఓడిపోయాడు, మాట నిలిచింది.

అంతా సరిగ్గా ఉందని చెప్పే మాటలో రెండక్షరాలూ తప్పే! కిందటేడు పెళ్లయి వెళ్లిన మా అమ్మాయిని ఫోన్లో “ఎలా ఉన్నావే?” అంటే “ఓకే అమ్మా” అంటోంది. “బాగున్నా” అనడం మానేసి నెలైంది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, ఎదురుగా కూర్చుని అడుగుతాను.