కదపకుండా వదిలేసిన బురద



కళింగపట్నం దగ్గర ఒక విశ్వాసి ఇంట్లో బోరు వేస్తుంటే ప్రార్థన చేయడానికి వెళ్లాను. వంశధార సముద్రంలో కలిసే చోటు, అంతా ఇసుక. తవ్వే కొద్దీ పక్కలు కూలిపోతాయి. అందుకని మేస్త్రీలు బెంటొనైట్ అనే బంకమట్టి పొడిని నీళ్లలో కలిపి లోపలికి పంపుతారు. ఆ బురద పక్కలను నిలబెడుతుంది, తవ్విన ఇసుకను పైకి తెస్తుంది.

ఆ రోజు పంపు చెడి పని ఆగింది. మరునాడు చూస్తే, మూత పెట్టిన డ్రమ్ములో నిన్న మజ్జిగలా పారిన బురద గడ్డపెరుగులా నిలబడి ఉంది. పాడైపోయిందనుకున్నాను.

మేస్త్రి నవ్వాడు. "పాడవలేదండి అయ్యగారూ, పడుకుంది. తిప్పితే లెగుస్తాది."

కర్ర వేసి బలంగా తిప్పాడు. కాసేపటికి మళ్లీ మజ్జిగే.

ఇంటికొచ్చి దాని సంగతి చదివాను. ఆ మట్టిలో కంటికి కనబడని పలకలుంటాయి. నీళ్లు కదలనప్పుడు అవి ఒకదానికొకటి ఆనుకుని పేకమేడలా కట్టుకుంటాయి. తిప్పితే ఆ మేడ కూలి బురద పారుతుంది. దీన్ని థిక్సోట్రపీ అంటారు. ఇది మేలే. పంపు ఆగినా, లోపలి ఇసుక అడుక్కి జారకుండా బురద పట్టుకుంటుంది. కాని ఊరికే ఉన్న కొద్దీ ఇంకా గట్టిపడుతుంది. అందుకే చమురు బావులు తవ్వేవాళ్లు బురదను 10 సెకన్లు ఆపి ఒకసారి, 10 నిమిషాలు ఆపి ఒకసారి దాని పట్టు కొలుస్తారు.

ఆ డ్రమ్ములో నీరు తగ్గలేదు, మట్టి పెరగలేదు. కదపకపోవడం ఒక్కటే జరిగింది.

నాన్నగారి జ్ఞాపకార్థ కూడిక ఖర్చు దగ్గర మా తమ్ముడితో మాట పట్టింపు వచ్చింది. తూలింది నా నోరే. కొన్నాళ్లు పోతే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. రెండేళ్లు గడిచాయి. ఈ మధ్యలో కొత్త గొడవేమీ లేదు. ఆదివారం ఆదివారం మీకు సమాధానం గురించి ప్రసంగిస్తూనే ఉన్నాను. మా మౌనం మాత్రం గట్టిపడింది.

పొద్దు గుంకేలోగా కోపం విడవమని పౌలు ఎఫెసీ సంఘానికి ఎందుకు రాశాడో నాకు ఆ డ్రమ్ము దగ్గర అర్థమైంది. మొదటి సాయంత్రం ఒక్క మాట చాలేది.

ఆ రాత్రే ఫోన్ చేశాను, ఎత్తలేదు. మరునాడూ ఎత్తలేదు. మూడో రోజు "చెప్పన్నయ్యా" అన్నాడు. "తప్పు నాదేరా" అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు, ఫోన్ మాత్రం పెట్టేయలేదు. రేపు విజయనగరం బస్సెక్కుతున్నాను. మా కోసం ప్రార్థించండి.

మీ ఇంట్లోనూ అలా వదిలేసినది ఏదైనా ఉంటే, ఈ పూటే కదపండి. ఆమేన్.